నాన్నగారి చేతిలోంచి ఫోను లాక్కోకండి

ప్రశ్న: మా నాన్నగారు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 68. గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో అమ్మతో ఉంటున్నారు. పోయిన నెల ఒక శనివారం సాయంత్రం, ఆయనతో కలిసి పనిచేసిన మాస్టారి నంబరు నుంచి వాట్సాప్‌లో 'ఆర్టీవో చలాన్' అనే పేరుతో ఒక ఫైలు వచ్చింది. ఆ ఉదయమే నాన్న స్కూటరు మీద గుంటూరు వెళ్లి వచ్చారు. నిజమే అనుకుని తెరిచారు. సోమవారం బ్యాంకులో పాసుపుస్తకం ప్రింటు వేయిస్తే, శనివారం రాత్రి 2,35,000 రూపాయలు పోయినట్టు కనిపించింది. అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం దాచిన డబ్బు అది. కౌంటరులో ఎవరినీ అడగకుండా ఇంటికి వచ్చేశారు. మాకూ చెప్పలేదు. అన్నం సరిగా తినడం లేదని అమ్మ నిలదీస్తే బుధవారం రాత్రి చెప్పారు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశాం. 18,000 మాత్రం ఆపగలిగారు. ఇప్పుడు సైబర్ సెల్ నుంచి అంటూ ఒకతను రోజూ ఫోను చేసి, 4,500 కడితే మొత్తం డబ్బు విడిపిస్తానంటున్నాడు. అన్నయ్యేమో నాన్న దగ్గర స్మార్ట్‌ఫోను తీసేసుకుని బటన్ ఫోను ఇవ్వాలంటున్నాడు. లెక్కల మాస్టారై ఉండి ఇంత తెలివితక్కువ పని ఎలా చేశారని అడిగేశాడు కూడా. నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. మేం ఏం చేయాలి?
– ఒక కూతురు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ 4,500 సంగతి. ఒక్క రూపాయి కూడా పంపకండి. ఆ నంబరుకు ఇక బదులివ్వకండి. ఒకసారి మోసపోయినవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు, పోయిన మొత్తం ఈ దొంగల దగ్గరే ఉంటాయి. మీ నాన్నగారు ఎంత పోగొట్టుకున్నారో అతను సరిగ్గా చెప్పగలిగాడంటే అందుకు కారణం అదే, అతను పోలీసు కావడం కాదు. ఆపి ఉంచిన 18,000 రూపాయలు ఏదో ఒక బ్యాంకు ఖాతాలో కదలకుండా ఉన్నాయి. అవి పోలీసుల ద్వారా, అవసరమైతే కోర్టు ఉత్తర్వుతో, బాధితుడి ఖాతాకే తిరిగి వస్తాయి. దీనికి ఏ అధికారీ ఫోనులో రుసుము అడగడు. 1930కి చేసినప్పుడు మీకు ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చి ఉంటారు. అది పట్టుకుని సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషనుకు స్వయంగా వెళ్లండి. ఈ రెండో మనిషి నంబరు కూడా అక్కడే రాసి ఇవ్వండి.

ఇక మీ అన్నయ్య అడిగిన మాట. ఆ మాట మీ నాన్నగారి మనసులో ఎంత లోతుగా దిగిందో నేను ఊహించగలను. ఆ శనివారం ఏం జరిగిందో ఒకసారి ఆయన కూర్చున్న కుర్చీలోంచి చూడండి. పొద్దున స్కూటరు మీద ఊరు వెళ్లారు. సిగ్నల్ దగ్గర ఎక్కడైనా గీత దాటానేమో అన్న చిన్న అనుమానం ఎవరికైనా ఉంటుంది. సాయంత్రం చలాన్ వచ్చింది. వచ్చింది ముక్కూమొహం తెలియని నంబరు నుంచి కాదు, తనతో కలిసి బడిలో పనిచేసిన మనిషి నుంచి. తెలియని నంబరు నుంచి వచ్చినవి తెరవకూడదని మనం పెద్దవాళ్లకు పదేపదే చెబుతుంటాం. ఆయన ఆ నియమం తప్పలేదు. నియమమే అరకొరది.

ఆ మాస్టారు కావాలని పంపలేదు. ఆయన ఫోనులోకి ఆ ఫైలు అంతకుముందే దిగింది. ఆయన వాట్సాప్‌ను దొంగలు తమ చేతిలోకి తీసుకుని, అందులో ఉన్న పేర్లందరికీ అదే ఫైలు పంపారు. ఫైలు పేరు చివర 'ఏపీకే' అనే మూడక్షరాలు ఉండి ఉంటాయి, చూడండి. ఫోటో అయితే 'జేపీజీ' అని, కాగితమైతే 'పీడీఎఫ్' అని ఉంటుంది. ఏపీకే అంటే అది చదవాల్సిన కాగితం కాదు, ఫోనులో కాపురం పెట్టే యాప్. తెరవగానే ఫోను ఒకసారి హెచ్చరిస్తుంది. తర్వాత ఆ యాప్ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. చలాన్ చూపించడానికే కాబోలు అనుకుని సరే అంటాం. ఆ క్షణం నుంచి బ్యాంకు పంపే ఓటీపీలు మనకంటే ముందు వాళ్లకు చేరతాయి. మీ నాన్నగారు ఓటీపీ ఎవరికీ చెప్పి ఉండరు. చెప్పాల్సిన అవసరమే వాళ్లకు లేదు. డబ్బు తీసినట్టు బ్యాంకు పంపే సందేశాలు కూడా ఆయన కంట పడకుండా మాయం చేయగలరు. అందుకే ఆయనకు సోమవారం దాకా తెలియలేదు. చలాన్ పేరుతోనే కాదు, పెళ్లి శుభలేఖ పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో కూడా ఇదే ఫైలు తిరుగుతోంది. నిజమైన చలాన్ ఏదీ వాట్సాప్‌లో యాప్ రూపంలో రాదు. బండి నంబరు వేసి పోలీసుల వెబ్‌సైటులోగానీ, కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులోగానీ మనమే వెతికి చూసుకోవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయానికి వస్తాను. సోమవారం పాసుపుస్తకం మీద ఆ వరుసలు చూసిన మనిషి కౌంటరులో నోరు విప్పలేదు. ఎదురుగా బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. ఒక్క మాట అంటే ఖాతా ఆపేవారు, 1930కి అక్కడి నుంచే ఫోను చేయించేవారు. ఈ డబ్బు ఒక ఖాతాలో ఉండదమ్మా. మొదటి ఖాతాలోంచి గంటలోపే నాలుగైదు ఖాతాలకు చీలిపోతుంది, అక్కడి నుంచి ఏటీఎంలలో నోట్లై పోతుంది. ఎంత త్వరగా 1930కి చెబితే దారిలో అంత ఎక్కువ దొరుకుతుంది. మీ నాన్నగారు సోమవారం నుంచి బుధవారం దాకా మౌనంగా ఎందుకున్నారు? ఇంట్లో ఏమంటారోనని. చివరికి మీ అన్నయ్య అన్న మాట సరిగ్గా అదే. ఇది మీ అన్నయ్యను తప్పు పట్టడానికి రాయడం లేదు, అతనికీ కడుపు మండింది. కానీ రేపు మళ్లీ ఏదైనా జరిగితే నాన్నగారు మొదటి నిమిషంలో మీకు చెప్పాలా, మూడు రోజులు దాచుకోవాలా అనేది ఈ వారం ఇంట్లో పడే మాటలను బట్టే తేలుతుంది.

మా పిన్ని ఇలాగే దాచింది. 'మీ కిందటి నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు తీసేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అని ఆమెకు మెసేజ్ వచ్చింది. ఫోను చేస్తే అవతలి మనిషి ఒక యాప్ వేసుకోమన్నాడు, పది రూపాయలు కట్టమన్నాడు. ఆమె కడుతుంటే తెర మీద వేళ్లు ఎక్కడ పడుతున్నాయో అతను చూస్తూనే ఉన్నాడు. తొమ్మిది వేలు పోయాయి. మాకు ఏడాది తర్వాత ఎవరి పెళ్లిలోనో మాటల మధ్య చెప్పింది. తొమ్మిదిన్నర అనే గడువు ఎందుకు పెడతారో అప్పుడు నాకు అర్థమైంది. ఆ వేళకు కరెంటు ఆఫీసు మూసి ఉంటుంది. వెళ్లి అడగడానికి మనిషి ఉండడు. చీకటి పడే భయం ఒకవైపు, అడిగే దిక్కు లేకపోవడం మరోవైపు.

మరి మోసాన్ని గుర్తుపట్టడం ఎలా అని మీకు అనిపించవచ్చు. నేను అక్కడే వెతకమంటాను. ఏ వేషంలో వచ్చినా రెండు సంగతులు ఉంటాయి. ఇప్పుడే చేయాలి అంటారు, ఇంకెవరినీ అడగనివ్వరు. డిజిటల్ అరెస్ట్ పేరుతో జరిగేది చూడండి. మీ పేరు మీద వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికిందనో, మీ ఆధార్‌తో ఎవరో ఖాతా తెరిచారనో వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో కనిపిస్తారు. గది తలుపు వేసుకోమంటారు, ఫోను పెట్టవద్దంటారు, భార్యకు కూడా చెప్పవద్దంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. వీడియో కాల్‌లో ఎవరూ ఎవరినీ అరెస్టు చేయలేరు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దేశమంతటికీ చెప్పిన మాట కూడా అదే. అయినా చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు పడిపోతున్నారంటే, వాళ్లకు తెలియక కాదు. తలుపు వేసి ఉండబట్టి. ఎవరైనా సరే 'ఎవరికీ చెప్పవద్దు' అన్నారంటే ఆ క్షణమే అమ్మగారిని కేకేయమని మీ నాన్నగారికి చెప్పండి.

మీ నాన్నగారు పింఛనుదారు కాబట్టి ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం గడువు దగ్గర పడితే, దాన్ని ఫోనులోనే నమోదు చేస్తామంటూ కాల్స్ వస్తాయి. ఆయన రిటైరైన తేదీ, పింఛను నంబరు కూడా చెప్పి నమ్మిస్తారు. ఆ పత్రం వేలిముద్రతోనో, ముఖం చూపించో ఆయనే ఇవ్వాలి. ఫోను చేసి ఓటీపీ అడిగి దాన్ని పూర్తిచేసే అధికారి ఎక్కడా లేడు.

మెసేజ్ నిజమైనదా కాదా చూడటానికి ఆయనకు ఒకటి రెండు పద్ధతులు నేర్పండి. లెక్కలు చెప్పిన మనిషికి పద్ధతి దొరికితే ఆత్మవిశ్వాసం వస్తుంది. బ్యాంకు నుంచిగానీ, ప్రభుత్వం నుంచిగానీ వచ్చే మెసేజ్ పైన పదంకెల నంబరు ఉండదు. రెండక్షరాలు, ఒక గీత, సంస్థ పేరును సూచించే అక్షరాలు, మళ్లీ గీత, చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. 2025 నుంచి ఆ చివరి అక్షరం కూడా పెట్టారు. పి అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. మామూలు సెల్ నంబరు నుంచి 'మీ ఖాతా ఆగిపోతుంది' అని వచ్చిందంటే ఇక చదవనక్కర్లేదు. పొరపాటున మీ ఖాతాలో ఐదు వేలు వేశాను, తిరిగి పంపండి అని ఏడుస్తూ చేసే ఫోన్లలో కూడా ముందుగా వచ్చే జమ మెసేజ్ ఇలాంటి సెల్ నంబరు నుంచే ఉంటుంది. జమ అయిందో లేదో మెసేజ్‌లో కాదు, ఖాతాలో చూడాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి దాని అవసరం ఎప్పుడూ ఉండదు. బ్యాంకులు ఖాతాదారులకు ఫోను చేయడానికి ఇప్పుడు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారని కూడా చెప్పండి.

లింకులను చదవడం కొంచెం కష్టం, కానీ ఆయన వల్ల అవుతుంది. పోస్టుమ్యాను ఉత్తరం చూసేటప్పుడు ముందు అడుగున ఉన్న ఊరి పేరు, పిన్‌కోడు చూస్తాడు, వీధి పేరు తర్వాత. లింకు కూడా అలాగే చదవాలి. మొదట్లో 'హెచ్‌టీటీపీఎస్' పక్కనుండే రెండు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, దానికి సరిగ్గా ముందున్న మాటల దగ్గర ఆగాలి. అది 'జీఓవీ డాట్ ఇన్' అయితే ప్రభుత్వానిది. బ్యాంకులదైతే ఇప్పుడు 'బ్యాంక్ డాట్ ఇన్' అని ఉండాలి. దొంగ లింకులో ఇవే అక్షరాలు ముందెక్కడో ఉంటాయి, లేదా చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత ఉంటుంది. 'పరివాహన్-జీఓవీ డాట్ టాప్' అని ఉందనుకోండి, అది టాప్ అనే ఊరిది, ప్రభుత్వానిది కాదు. మీ ఇంట్లో అందరికీ వచ్చిన దొంగ మెసేజ్‌లను పది దాకా పోగుచేసి, ప్రింటు తీసి ఆయనకు ఇవ్వండి. చేతికి ఎర్ర పెన్ను ఇవ్వండి. తప్పు ఎక్కడుందో ఆయన్నే గీయమనండి. జీవితమంతా ఆయన చేసిన పనే అది.

ఫోను తీసేసుకోవాలా అన్నదానికి నా జవాబు: వద్దు. మనవల ముఖాలు చూసేది, పాత స్నేహితులతో మాట్లాడేది ఆయన దాంట్లోనే. బటన్ ఫోను చేతికిచ్చి అది తీసేసుకుంటే, నువ్వు పనికిరావు అని చెప్పినట్టే. అదీగాక బటన్ ఫోనుకు కూడా దొంగ కాల్స్ వస్తాయి. కానీ మీ అన్నయ్య ఆలోచనలో మంచి సగం ఒకటి ఉంది, దాన్ని వాడుకోండి. బటన్ ఫోను కొనండి. పింఛను ఖాతాకు, డిపాజిట్లకు జోడించిన సిమ్ అందులో వేయండి. ఓటీపీలు అక్కడికే వస్తాయి, ఏ ఏపీకే అక్కడికి చేరదు. స్మార్ట్‌ఫోనులో వేరే నంబరు, దానికి జోడించిన వేరే చిన్న ఖాతా పెట్టండి. కూరగాయలకు, మందులకు సరిపడా నాలుగైదు వేలు అందులో ఉంచి, యూపీఐ దానితో వాడమనండి. పెద్ద ఖాతాలో నెట్ బ్యాంకింగ్ అవసరం లేకపోతే ఆపించండి, ఉంటే రోజువారీ పరిమితి తగ్గించండి. ఇదంతా ఆయన్ను కూర్చోబెట్టుకుని, ఆయన చేతనే బ్యాంకులో రాయించి చేయండి. ఆయన లేనప్పుడు కాదు.

ఈ ఉత్తరం చదివేసరికి ఫోను శుభ్రం చేసి ఉండకపోతే ఈ రోజే చేయండి. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి సిమ్ తీయండి. ఫోటోలు వేరేచోట దాచుకుని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే అంతా చెరిపేసి కొత్తగా కొన్నప్పటిలా మార్చండి. ఆ యాప్ బొమ్మ కనిపించకుండా దాక్కుంటుంది కాబట్టి, కనిపించలేదని వదిలేయకండి. ఈమెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు ఇంకో ఫోను నుంచి మార్చండి. వాట్సాప్‌లో లింక్ చేసిన పరికరాలన్నిటినీ తీసేసి, రెండంచెల పిన్ పెట్టండి. టెలికం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో ఆయన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో కూడా ఒకసారి చూడండి.

పోయిన 2,17,000 సంగతి. ఉట్టి ఆశ పెట్టను. కానీ అడగాల్సినది అడగకుండా వదలవద్దు. ఖాతాదారు ప్రమేయం లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశాలు ఇచ్చింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో వేరేచోట జరిగినప్పుడు, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే ఖాతాదారుకు నష్టం ఉండకూడదని అందులో ఉంది. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే, మామూలు పొదుపు ఖాతాకు ఆయన భరించాల్సింది పదివేలకు మించకూడదు. ఫైలు తెరిచింది మీరే కాబట్టి నిర్లక్ష్యం మీదేనని బ్యాంకు అనవచ్చు. చాలాసార్లు అంటుంది. కానీ తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సిన భారం ఆ ఆదేశాల ప్రకారం బ్యాంకు మీదే ఉంది. ఇంకొక సంగతి. రోజుల లెక్క బ్యాంకు నుంచి సమాచారం అందిన మర్నాటి నుంచి, పనిదినాలతో. శనివారం రాత్రి అందిందనుకున్నా ఆదివారం లెక్కలోకి రాదు, బుధవారం మూడో రోజు. మధ్యలో బ్యాంకు సెలవు వస్తే ఇంకా ముందే. బ్యాంకుకు రాతపూర్వకంగా ఎప్పుడు ఇచ్చారో మీరు రాయలేదు. 1930కి చేసిన వేళను, ఫిర్యాదు నంబరును ఆ కాగితంలో తప్పకుండా చూపించండి. డబ్బు తీసినట్టు బ్యాంకు పంపే సందేశాలు నాన్నగారి కంట పడలేదని, సోమవారమే తెలిసిందని కూడా రాయండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు.

చివరగా ఒక పని మిగిలింది. దాని గురించి మీ ఉత్తరంలో లేదు. నాన్నగారికి ఆ ఫైలు పంపిన మాస్టారికి ఎవరైనా చెప్పారా? ఆయన ఫోనులో అది ఇంకా ఉండి ఉంటుంది. అలాగే మీ నాన్నగారి ఫోను నుంచి కూడా ఆ ఫైలు ఎంతమందికి వెళ్లిందో చూడండి. పాత విద్యార్థులు, పింఛనుదారుల సంఘం వాళ్లు, బంధువులు ఉంటారు. వాళ్లందరికీ చెప్పాలి. ఆ ఫోన్లు మీరు చేయకండి, మీ అన్నయ్యనూ చేయనివ్వకండి. నాన్నగారినే చేయమనండి. 'నా నంబరు నుంచి చలాన్ అని ఏదైనా వచ్చి ఉంటే తెరవవద్దు, తెరిచి ఉంటే వెంటనే సిమ్ తీసి ఇంకో ఫోను నుంచి 1930కి చేయండి, నాకు రెండు లక్షల పైన పోయింది' అని ఉన్నదున్నట్టు చెప్పమనండి. మొదటి ఫోను చేయడం ఆయనకు చాలా కష్టంగా ఉంటుంది. అప్పుడు మీరు పక్కన కూర్చోండి.